జిహ్వకో రుచి ఎక్కడ పుడుతుంది? చిట్టెలుకల తీపి ఇష్టం, దాని జన్యువు

(కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్ర విద్యార్థులను, చుట్టుపక్కల ఊళ్ల వారిని ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు, పొలం పనులు ఆపుకొని వచ్చిన రైతు సోదరులకు నమస్కారం.

మన పెద్దలు "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నారు. ఒకే పంక్తిలో కూర్చున్న ఇద్దరిలో ఒకరి చెయ్యి బూరెల పళ్లెం వైపు, మరొకరి చెయ్యి ఆవకాయ జాడీ వైపు వెళ్తుంటే మనకు ఈ సామెతే గుర్తుకొస్తుంది. ఇందులో రెండు చోట్లు ఉన్నాయి. బుద్ధికి పుర్రె, రుచికి జిహ్వ. మరి ఇష్టం అనేదాని చోటు ఏది? తీపి ఒకరికి ఎక్కువ ఇష్టం, మరొకరికి తక్కువ ఇష్టం అన్నప్పుడు ఆ తేడా నాలుక మీద ఉందా, మెదడులో ఉందా? ఈ ప్రశ్నను మనిషిని పెట్టుకొని తేల్చడం కష్టం. ఎందుకంటే మనిషి ఇష్టంలో అమ్మ చేతి వంట, పండుగలు, అలవాటు, డాక్టరు చెప్పిన పథ్యం అన్నీ కలిసిపోయి ఉంటాయి. అందుకే పరిశోధకులు ఇదే ప్రశ్నను చిట్టెలుకను పెట్టుకొని అడిగారు. ఒక జన్యువు ఉందని 1974లో తెలిసింది, అది ఏ జన్యువో 2001లో తేలింది. నడుమ గడిచిన ఇరవై ఏడేళ్ల కథే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది.

ముందు చిట్టెలుక సంగతి. మా చిన్నప్పుడు మా ఇంట్లో బెల్లం కుండ, చింతపండు కుండ ఒకే దూలానికి రెండు ఉట్ల మీద వేలాడేవి. రెండింటికీ మూతిమీద పాత పంచె గుడ్డ కట్టి ఉండేది. కొన్నాళ్లకొకసారి బెల్లం కుండ గుడ్డకు పావలా కాసంత చిల్లు పడేది. చిల్లు అంచున నూలు పోగులు కత్తిరించినట్టు సమంగా ఉండేవి, చుట్టూ కాస్త జిగురుగా బెల్లపు తడి కనిపించేది. చింతపండు కుండ గుడ్డ మాత్రం ఎప్పుడూ చెక్కు చెదరలేదు. మా అమ్మ ఆ రెండు గుడ్డలూ పక్కపక్కన పట్టి చూపించి "దానికీ తెలుసురా ఏది తీపో" అనేది. ఆ మాటలో రెండు సంగతులు ఉన్నాయని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు. తీపి అని తెలియడం ఒకటి, తెలిసి దాన్ని కోరడం మరొకటి.

ఆ ఉట్టి ఎక్కింది మనం ఇంట్లో చూసే చిన్న ఎలుక. శాస్త్రంలో దాని పేరు మస్ మస్కులస్. ప్రయోగశాలల్లో పెంచే చిట్టెలుకలు కూడా ఈ జాతివే. పొలం గట్లకు బొరియలు చేసి వరి కంకులు దాచుకునే పందికొక్కు, పొలం ఎలుక వేరే జాతులు. రైతు సోదరులు ఈ తేడాను గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. చివర్లో మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

జన్యువుల పని చూడాలంటే ఒక్కొక్క ఎలుకను కాదు, ఒక్కొక్క వంశాన్ని చూడాలి. ఇరవై తరాలకు తక్కువ కాకుండా అన్నాచెల్లెళ్లకే జత కట్టిస్తూ పోతే, చివరకు ఆ వంశంలోని ఎలుకలన్నీ జన్యువుల విషయంలో కవల పిల్లల్లా ఒకేలా తయారవుతాయి. అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే శాస్త్రవేత్త 1909లో డీబీఏ అనే వంశాన్ని, 1921లో సీ57 బ్లాక్ అనే నల్ల ఎలుకల వంశాన్ని ఇలా మొదలుపెట్టాడు. ఆ నల్ల ఎలుకల మూలం మాసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రాన్బీ అనే చిన్న ఊరిలో అబీ లాత్రోప్ అనే ఆవిడ పెంచిన ఎలుకలు. ఆమె బడిపంతులమ్మగా పనిచేసి మానేసి, ముచ్చటకు పెంచుకునే వారి కోసం ఎలుకలను పెంచి అమ్మేది. ఆమె మందలోని 57వ సంఖ్య ఆడ ఎలుక పేరే ఇప్పటికీ ప్రపంచంలోని ప్రతి జీవశాస్త్ర ప్రయోగశాలలోనూ వినిపిస్తోంది. ఇవాళ మనం చెప్పుకునే నల్ల ఎలుకలు ఆ వంశపు శాఖే. వాటిని సీ57 బ్లాక్ 6 అంటారు. నేను క్లుప్తంగా నల్ల ఎలుకలు అంటాను.

ఇక ఇష్టాన్ని కొలవడం. ఎలుకను అడిగితే చెప్పదు కాబట్టి, దాని ముందు రెండు సీసాలు పెడతారు. పంజరానికి పక్కపక్కన రెండు గొట్టపు సీసాలు వేలాడుతాయి. ఒకదానిలో మంచినీళ్లు, రెండో దానిలో తీపి కలిపిన నీళ్లు. ఇరవై నాలుగు గంటల తర్వాత రెండు సీసాలనూ తూచి, ఏది ఎంత తగ్గిందో రాసుకుంటారు. ఇరవై, ఇరవై ఐదు గ్రాములు తూగే చిట్టెలుక రోజుకు తాగే నీళ్లు నాలుగైదు మిల్లీలీటర్లే, అంటే మనం దగ్గు మందు తాగే చెంచాడు. తాగిన మొత్తంలో తీపి నీళ్ల వాటా వందకు యాభై ఉంటే దానికి ఏ ఇష్టమూ లేదని, తొంభై దాటితే బాగా ఇష్టమని అర్థం.

వినడానికి ఇంత సులువుగా ఉన్న పరీక్షలో ఎన్ని చిక్కులుంటాయో నాకు అనుభవం మీద తెలిసింది. నేను పాఠం చెప్పిన రోజుల్లో విద్యార్థులతో కలిసి తెల్ల ఎలుకలకు బెల్లం నీళ్లు, మంచినీళ్లు పెట్టి చూశాను. నాలుగు రోజుల లెక్కలో ఒక ఎలుక మంచినీళ్లే రెట్టింపు తాగినట్టు తేలింది. బెల్లం వద్దనే ఎలుక దొరికిందని పిల్లలు సంబరపడ్డారు. ఆ సాయంత్రం పంజరం ముందు కూర్చుని చూశాను. మంచినీళ్ల సీసా గొట్టం చివర ఒక చుక్క నిలిచి, పెరిగి, ఊక మీద పడుతోంది. మళ్లీ చుక్క నిలుస్తోంది. ఎలుక అటు వైపు రానే లేదు. నీళ్లు తాగింది ఊక. ఇంకో ఎలుక తీపి ఎటు పెట్టినా గోడవైపు సీసానే పట్టుకునేది. అందుకే ఈ పరీక్ష చేసేవారు రోజూ సీసాల చోట్లు మారుస్తారు, ఎలుక లేని ఖాళీ పంజరానికి కూడా సీసాలు వేలాడదీసి కారిపోయినదెంతో లెక్కగట్టి తీసివేస్తారు. ఇరవై ఏడేళ్ల పరిశోధన అంతా ఈ చుక్కల లెక్క మీద నిలబడింది కాబట్టే దీని గురించి ఇంతసేపు చెప్పాను.

తీపి కోసం వాళ్లు మొదట ఎంచుకున్నది పంచదార కాదు, సాకరిన్. 1879లో కాన్స్టాంటిన్ ఫాల్‌బెర్గ్ కనిపెట్టిన ఈ పదార్థంలో తీపి ఉంటుంది గాని ఆహారం ఉండదు, ఒంటికి బలం ఇవ్వదు. పంచదార పెడితే ఎలుక నాలుక కోసం తాగిందో, కడుపు కోసం తాగిందో తెలియదు. సాకరిన్ పెడితే ఆ సందేహం చాలావరకు తీరుతుంది.

1974లో జాన్ ఫుల్లర్ సాకరిన్ విషయంలో ఈ నల్ల ఎలుకలను, డీబీఏ ఎలుకలను పోల్చాడు. నల్ల ఎలుకలు సాకరిన్ నీళ్ల సీసా వదలవు. డీబీఏ ఎలుకలకు అంత మోజు లేదు. రెండు వంశాలకూ జత కట్టిస్తే పుట్టిన పిల్లలు నల్ల ఎలుకల లాగే తీపిని కోరాయి. ఆ తర్వాతి తరాలలో కోరేవి, కోరనివి విడిపోయిన తీరు చూసి, ఇదంతా ఒక్క జన్యు స్థానం నడిపిస్తోందని ఆయన నిర్ణయించాడు. బఠాణీ గింజల నునుపు, ముడతల విషయంలో మెండెల్ చూసిన లెక్కే ఎలుక ఇష్టంలోనూ కనిపించింది. ఆ స్థానానికి సాకరిన్ పేరు మీదుగా సాక్ అని పేరు పెట్టాడు. 1989లో ఇయాన్ లష్ ఈ విషయాన్ని ఇంకా విస్తరించి సాకరిన్‌తో పాటు ఎసిసల్ఫేమ్, డల్సిన్ అనే కృత్రిమ తీపి పదార్థాలను, పంచదారను కూడా పరీక్షించాడు. ఒక పదార్థాన్ని ఎక్కువగా కోరే వంశం మిగతావాటినీ ఎక్కువగా కోరుతోంది. కాబట్టి సాక్ సాకరిన్ ఒక్కదాని సంగతి కాదు, తీపి సంగతి.

ఇక్కడ మన సామెత ప్రశ్న ఎదురైంది. సాక్ పనిచేసేది పుర్రెలోనా, జిహ్వ మీదా? సీసా లెక్కలు దీనికి జవాబు ఇవ్వలేవు. మెదడులో సంతోషం తక్కువైనా, నాలుక మీద తీపి తగలకపోయినా, సీసాలో తగ్గే నీళ్లు ఒకటే. అందుకని నాడిని నేరుగా విన్నారు. నాలుక ముందు భాగం నుంచి రుచి కబురును మోసుకుపోయే నాడి పేరు కార్డా టింపనీ. ఇది విచిత్రంగా మధ్య చెవి గుండా, కర్ణభేరి పక్కగా సాగి మెదడుకు చేరుతుంది. మత్తులో ఉన్న ఎలుక నాలుక మీద తీపి ద్రావణం పోసి, ఆ నాడిలో పుట్టే విద్యుత్తును కొలిచారు. సాకరిన్ కోరే నల్ల ఎలుకల నాడి గట్టిగా స్పందించింది. దాని మీద ఆసక్తి లేని 129 అనే వంశపు ఎలుకల నాడి చాలా బలహీనంగా స్పందించింది. మెదడు దాకా పోకముందే, దారిలోనే తేడా ఉందన్నమాట. 129 ఎలుక తీపిని కాదనడం లేదు. దానికి ఆ తీపి అందడమే తక్కువ.

ఈ ఫలితం నన్ను మొదటిసారి చదివినప్పుడు బాగా కదిలించింది. ఇష్టం లేదని మనం ఎంత తొందరగా అనేస్తాం! వద్దన్న ప్రాణికి అసలు ఏం అందిందో అడగం.

తర్వాతి పని ఆ జన్యువు చిరునామా కనుక్కోవడం. ఇది ఎలా చేస్తారో చెప్పడానికి మన డెల్టా వారికి నేను వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మనం కాలువల మీద బతుకుతున్నాం. కాలువలో ఎక్కడో గండి పడి నీరు పోతోందని తెలిసింది అనుకోండి. కాలువ చూసుకునే లస్కరు ఏం చేస్తాడు? కాలువ మొత్తం ఒకేసారి తవ్వడు. ఒక లాకు దగ్గర నీటి మట్టం చూస్తాడు, సరిగా ఉంది. తర్వాతి లాకు దగ్గర చూస్తాడు, తగ్గింది. గండి ఆ రెండు లాకుల మధ్య ఉంది. ఇంక ఆ మధ్యలో తూములు చూసుకుంటూ పోతాడు. చిట్టెలుకకు ఇరవై జతల క్రోమోజోములు ఉన్నాయి. వాటి పొడుగునా రెండు వంశాలకూ తేడాగా ఉండే గుర్తులు ఉంటాయి, అవే లాకులు. రెండు వంశాలనూ కలిపి మనవళ్ల తరాన్ని పుట్టిస్తే, తాత క్రోమోజోమూ అమ్మమ్మ క్రోమోజోమూ ముక్కలై అతుక్కుని ఒక్కొక్క ఎలుకలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. సాకరిన్ కోరే మనవళ్లన్నిటిలోనూ ఏ రెండు గుర్తుల మధ్య ముక్క తప్పకుండా నల్ల తాతదే అయి ఉందో చూస్తూ పోతే, సాక్ అక్కడ దొరుకుతుంది. అది నాలుగో క్రోమోజోము చివర, మన మాటలో చెప్పాలంటే శివారు ఆయకట్టులో ఉందని తేలింది.

ఫిలడెల్ఫియాలోని మోనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్‌లో అలెగ్జాండర్ బాచ్‌మనోవ్, గ్యారీ బోషాంప్, డేనియల్ రీడ్ తదితరులు ఈ గాలింపును ఓపికగా కొనసాగించారు. 129 ఎలుకలలోకి నల్ల ఎలుకల క్రోమోజోము ముక్కను తీసుకొచ్చి, తరతరానికీ మళ్లీ 129తోనే జత కట్టిస్తూ, సాకరిన్ మీద కోరిక పోకుండానే ఆ ముక్కను చిన్నది చేస్తూ పోయారు. చివరకు ఒంటినిండా 129 జన్యువులే ఉండి, నాలుగో క్రోమోజోము కొసన మాత్రం రెండు లక్షల డీఎన్ఏ అక్షరాలకు లోపు ముక్క ఒక్కటి నల్ల ఎలుకది మిగిలింది. ఆ ఎలుక నల్ల ఎలుక లాగే సాకరిన్ తాగింది.

ఈ లోగా అనుమానం ఒక తప్పు జన్యువు మీదకు పోయింది. 1999లో నాలుక రుచి మొగ్గలలో ఉండి రుచిని పట్టుకునే రెండు గ్రాహక ప్రోటీన్లను, టీ1ఆర్1, టీ1ఆర్2 అనేవాటిని, చార్లెస్ జుకర్, నికొలస్ రైబా బృందాలు కనిపెట్టాయి. టీ1ఆర్1 జన్యువు కూడా నాలుగో క్రోమోజోము కొసవైపే ఉంది. ఇదే సాక్ అయి ఉండవచ్చని చాలామంది అనుకున్నారు. కానీ లాకుల లెక్క ఒప్పుకోలేదు. జాగ్రత్తగా కొలిస్తే టీ1ఆర్1 సాక్‌కు దూరంగా ఉంది. అందంగా అతికే ఊహను కొలత కాదన్నప్పుడు కొలత మాటే విన్నందుకు వారిని మెచ్చుకోవాలి.

2001 ఫిబ్రవరిలో మనిషి జన్యు పాఠం, అంటే మనిషి డీఎన్ఏ అక్షరాల వరస, చిత్తుప్రతిగా వెలువడింది. చిట్టెలుక పాఠం అప్పటికి ఇంకా రాలేదు. ఎలుక నాలుగో క్రోమోజోము కొసకు సరిపోయే భాగం మనిషిలో మొదటి క్రోమోజోము కొసన ఉంటుంది. పరిశోధకులు మనిషి పాఠంలో ఆ భాగాన్ని చదివి, టీ1ఆర్1కు, టీ1ఆర్2కు చుట్టమయ్యే కొత్త జన్యువును అక్కడ చూశారు. దానికి టాస్1ఆర్3 అని, దాని నుంచి తయారయ్యే ప్రోటీన్‌కు టీ1ఆర్3 అని పేరు. ఆ ఒక్క ఏడాదిలోనే కొద్ది నెలల తేడాతో రాబర్ట్ మార్గోల్‌స్కీ, లిండా బక్, జుకర్, రైబాల బృందాలు, మోనెల్ బృందం, మరికొందరు దీన్ని ప్రకటించారు. తీపి అంతగా తెలియని ఎలుకలకు తీపి బాగా తెలిసే వంశపు టీ1ఆర్3 జన్యువును అందిస్తే, అవి కూడా సాకరిన్‌ను కోరడం మొదలుపెట్టాయి. దానితో సాక్ అంటే ఇదేనని స్థిరపడింది.

ఇక ఆ జన్యువులో తేడా ఎంత? టీ1ఆర్3 ప్రోటీన్ 858 అమైనో ఆమ్లాల దండ. తీపి బాగా తెలిసే వంశాలలో అరవయ్యో పూస ఐసోల్యూసిన్, తీపి అంతగా తెలియని వంశాలలో అదే చోట థ్రియోనిన్. డీఎన్ఏలో అయితే టీ అక్షరం ఉండవలసిన చోట సీ అక్షరం. ఇంకా కొన్ని తేడాలు ఉన్నా, ఎక్కువ బరువు ఈ ఒక్కదాని మీదే పడింది. 2004లో డేనియల్ రీడ్ బృందం 30 వంశాలను పరీక్షించి, టాస్1ఆర్3 ప్రాంతంలోని తేడాలకు సాకరిన్ ఇష్టానికి సంబంధం ఉందని చూపింది.

ఆ ఒక్క పూస మారితే ఏమవుతుందన్నదానికి మొదట చెప్పిన కారణం నిలవలేదు. కొత్తగా వచ్చిన థ్రియోనిన్ వల్ల ఆ ప్రోటీన్‌కు ఒక చక్కెర గొలుసు అదనంగా అతుక్కుంటుందని, దానివల్ల రెండు ప్రోటీన్లు జతకట్టలేవని మొదట ఊహించారు. 2005లో స్టీవెన్ మంగర్ బృందం ఆ ప్రోటీన్ బయటి భాగాన్ని విడిగా తయారుచేసి చూస్తే, చక్కెరలు టీ1ఆర్2కు, టీ1ఆర్3కు రెండింటికీ అంటుకుంటున్నాయని, థ్రియోనిన్ ఉన్న టీ1ఆర్3 వాటిని అంత గట్టిగా పట్టుకోలేకపోతోందని తేలింది. పట్టు సడలడమే అసలు లోపం.

తీపి గ్రాహకం ఒంటరి ప్రోటీన్ కాదని ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది. టీ1ఆర్2, టీ1ఆర్3 జతగా కణం పైపొర మీద నిలబడితేనే తీపి తెలుస్తుంది. అదే టీ1ఆర్3 వెళ్లి టీ1ఆర్1తో జతకడితే అది మాంసపు రసం వంటి ఉమామి రుచికి గ్రాహకం అవుతుంది. ఈ జతలో ఒకటి చెడితే ఏమవుతుందో మన ఇంటి పిల్లిని చూస్తే తెలుస్తుంది. పిల్లి టీ1ఆర్2 జన్యువులో 247 అక్షరాలు ఊడిపోయాయని 2005లో ప్రకటించారు. పులిలోనూ, చిరుతపులి లాంటి చీతాలోనూ అదే పరిస్థితి. పిల్లి పాయసం గిన్నె నాకితే అది పాల కోసం, నెయ్యి కోసం. పంచదార దానికి తగలదు.

జత సంగతి తెలిశాక 2003లో జుకర్ బృందం చేసిన రెండు ప్రయోగాలు ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి. డైట్ పానీయాలలో వేసే ఆస్పర్టేమ్ మనకు తియ్యగా ఉంటుంది, చిట్టెలుకకు అది నీళ్లతో సమానం. మనిషి టీ1ఆర్2 జన్యువును చిట్టెలుకలో పెట్టారు. అది ఆస్పర్టేమ్ నీళ్లను కోరింది. దాని మెదడు అంతకు ముందు ఉన్నదే, అలవాట్లు అవే, మారింది నాలుక మీది ఒక్క ప్రోటీన్. రెండో ప్రయోగం ఇంకా లోతైనది. చిట్టెలుకకు సహజంగా ఏ రుచీ లేని ఒక మందు ఉంది. ఆ మందును మాత్రమే పట్టుకునే గ్రాహకాన్ని నాలుక మీద తీపిని పట్టే కణాలలో, అంటే తీపి కణాలలో, అమర్చారు. ఆ ఎలుకలు ఆ మందు నీళ్లను తేనె దొరికినట్టు తాగాయి. ఆ మందులో తీపి లేదు. తీపి కణం మోగితే మెదడుకు చేరేది తీపి కబురే, మోగించింది ఏదైనా సరే.

సామెతలో జిహ్వ పక్షాన ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు.

ఈ తేడాలను మన చేలగట్ల మీది ఒక తీగతోనే చూడవచ్చు. పొడపత్రి మీలో చాలామందికి తెలుసు. దాని ఆకు నమిలితే నోట్లో తీపి పోతుంది. ఒకసారి తరగతిలో పిల్లలకు ఒక్కొక్క ఆకు నమిలించి, తర్వాత ఆత్రేయపురం పూతరేకులు పెట్టాను. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి ఒక ముక్క కొరికి, నమలడం ఆపేసి, "సార్, నెయ్యి రాసిన కాగితంలో ఇసుక చుట్టినట్టుంది" అంది. పంచదార గరగర పంటి కింద తెలుస్తోంది, నెయ్యి వాసన తెలుస్తోంది, బియ్యపు రేకు అంగిట్లో అతుక్కోవడం తెలుస్తోంది, తీపి ఒక్కటే లేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు మనిషి టీ1ఆర్3ను అడ్డుకోవడమే దీనికి కారణం. అవే ఆమ్లాలను చిట్టెలుకకు ఇస్తే దానికి ఏమీ కాదు, తీపి చక్కగా తెలుస్తుంది. అయితే అదే ఆకులో గుర్మారిన్ అనే 35 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఉంది. అది ఎలుకల తీపిని అణచివేస్తుంది, మన తీపిని దాదాపు ముట్టుకోదు. ఎలుకలలో కూడా నల్ల ఎలుకల మీద గుర్మారిన్ బాగా పనిచేస్తుంది, కొన్ని ఇతర వంశాల మీద అంతగా పనిచేయదు. జపాన్‌కు చెందిన యుజో నినోమియా దీని మీద ఎన్నో ఏళ్లు పనిచేశాడు. ఒకే ఆకులో రెండు తాళాలు ఉన్నాయి. ఒకటి మన తలుపుకు, ఒకటి ఎలుక తలుపుకు.

ఇంతవరకు విన్నవారికి ఇష్టమంతా నాలుక మీదే తేలిపోయిందని అనిపించవచ్చు. అలా అనుకుని మీరు ఇంటికి వెళ్తే నేను సగమే చెప్పినట్టు. టీ1ఆర్3 పూర్తిగా తీసేసిన ఎలుకలను 2003లో మార్గోల్‌స్కీ బృందం పరీక్షించింది. సాకరిన్ వంటి కృత్రిమ తీపి మీద ఆసక్తి పోయింది. పంచదార మీద మాత్రం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. 2008లో ఐవాన్ డి అరౌజో తదితరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ట్రిప్ ఎం5 అనే ప్రోటీన్ లేకపోతే తీపి కణం మోగినా కబురు నాడికి అందదు. అటువంటి, తీపి తెలియని ఎలుకలకు పంచదార నీళ్లు, మంచినీళ్లు పెట్టి కొన్నాళ్లు అలవాటు చేస్తే, అవి పంచదార ఉన్న వైపునే ఎంచుకోవడం నేర్చుకున్నాయి. బలం ఇవ్వని సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పెడితే నేర్చుకోలేదు. నాలుకకు తెలియని దానిని కడుపు గుర్తుపట్టి మెదడుకు చెప్పింది. 2020లో జుకర్ బృందం ఆ కబురు పేగు నుంచి వేగస్ నాడి వెంట మెదడు కాండానికి చేరే దారిని చూపింది. మన సామెతలో పుర్రె ఉంది, జిహ్వ ఉంది, కడుపు లేదు. సామెత కట్టిన పెద్దలు తప్పు చేశారని నేను అనను. వారు రుచి గురించి మాట్లాడారు. మనం కోరిక గురించి మాట్లాడుతున్నాం.

తాటిచెట్ల సీమలో ఉన్నాం కాబట్టి ఒక చిన్న సంగతి. సాకరిన్ బాగా కోరే నల్ల ఎలుకలు సారాయి కలిపిన నీళ్లనూ ఇతర వంశాల కంటే ఎక్కువ తాగుతాయని 1959 నుంచే తెలుసు. టీ1ఆర్3 తీసేస్తే ఆ తాగడం తగ్గింది. ఎలుకకు సారాయిలో ఒక అంచు తియ్యగా తగులుతుందన్నమాట. మనుషుల తాగుడు సమస్యకు దీన్ని అతికించడం మాత్రం న్యాయం కాదు, అందులో బతుకు బాధలు చాలా ఉన్నాయి.

చివరగా, సభ మొదలుకాక ముందు ఒక రైతు సోదరుడు నన్ను అడిగిన మాట. "పొలంలో ఎలుకల ఎరలో బెల్లం కలిపితే బాగా తింటాయా మాస్టారూ?" మన వ్యవసాయ శాఖ వారు చెప్పే ఎర మీకు తెలుసు. 96 పాళ్లు నూకలు, రెండు పాళ్లు నూనె, రెండు పాళ్లు మందు. అందులో తీపి లేదు. నేను మొదట్లోనే చెప్పినట్టు పందికొక్కు, పొలం ఎలుక వేరే జాతులు. చిట్టెలుకలోనే వంశానికి వంశానికి ఇంత తేడా ఉన్నప్పుడు ఆ ఫలితాన్ని తెచ్చి మీ గట్టు మీది పందికొక్కుకు చెప్పడానికి నాకు మనసు ఒప్పదు. కాని ఒకటి ధైర్యంగా చెప్పగలను. 1955లో జాన్ గార్సియా ఎలుకలకు సాకరిన్ నీళ్లు తాగుతున్న సమయంలోనే రేడియేషన్ ఇచ్చి వికారం పుట్టించాడు. ఆ తర్వాత అవి, అంతవరకు ఎంతో ఇష్టంగా తాగిన ఆ తీపిని దగ్గరకు రానివ్వలేదు. నాలుక అదే, జన్యువు అదే, తీపి అదే. మారింది పుర్రె. జింక్ ఫాస్ఫైడ్ ఎర కొద్దిగా తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎరను ముట్టదని మీకు అనుభవమే. అందుకే విషం కలపని నూకలను ముందు రెండు మూడు రోజులు పెట్టి అలవాటు చేయమంటారు. అలాంటి ఎరకు బెల్లం వంటి గట్టి గుర్తు తగిలిస్తే, తప్పించుకున్న ఎలుకకు ఆ గుర్తును మరింత సులువుగా జ్ఞాపకం పెట్టుకునే వీలు మనమే ఇచ్చినట్టవుతుంది. నా ఆలోచన ఇది. బెల్లం ఇంట్లోనే ఉంచుకోండి, ఉట్టి తాడు మాత్రం చూసుకోండి.

బయట వరండాలో బల్ల మీద రెండు పళ్లాలు పెట్టించాను. ఒకదానిలో కడిగిన పొడపత్రి ఆకులు, రెండో దానిలో పూతరేకులు ఉన్నాయి. ముందు ఒక పూతరేకు ముక్క తినండి, తర్వాత ఒక ఆకును రెండు నిమిషాలు బాగా నమిలి ఉమ్మేసి, నోరు పుక్కిలించి, రెండో ముక్క తినండి. గంట లోపే తీపి తిరిగి వస్తుంది, కంగారు పడనక్కరలేదు. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు మాత్రం ఆకు జోలికి, పూతరేకు జోలికి రెండింటికీ వెళ్లవద్దని మనవి. మీరు తిన్నాక ఏం తగిలింది, ఏం తగలలేదు అన్నది పక్కన ఉన్న పుస్తకంలో మీ మాటల్లోనే రాయండి. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.